నమ్మకమైన ఇల్లు

పనిమనిషి దొరకడం ఏముంది, నమ్మకమైన పనిమనిషి దొరకాలి గానీ – ఈ మాట మా ఇళ్లల్లో వినని నెల ఉండదు. పెళ్లి దావత్‌లో కూర్చున్నా, ఆస్పత్రిలో ఎవర్నన్నా చూడ్డానికి పోయినా, ఆఫీసు క్యాంటీన్‌లో చాయ్ తాగుతున్నా, సంసారాలున్నవాళ్లు ఇద్దరు కలిస్తే ఈ మాట రాక తప్పదు. ఉర్దూలో 'భరోసే కీ ఔరత్' అంటారు. తెలుగులో 'నమ్మకస్తురాలు' అంటారు. మేం రెండు భాషల మధ్య బతికేవాళ్లం కాబట్టి రెండింట్లోనూ విన్నాం. అర్థం ఒకటే. దొంగతనం చెయ్యకూడదు. నాగా పెట్టకూడదు. ఇంటి గుట్టు బయట పెట్టకూడదు. ఇచ్చింది తీసుకుని నోరు మూసుకోవాలి.

ఇందులో నమ్మకం ఎంత, అణకువ ఎంత? ఎవరూ విడదీసి చూడరు. ఆమె పనికొస్తున్న ఇల్లు నమ్మకమైనదేనా అని కూడా ఎవరూ అడగరు. ఆ ప్రశ్న మాకు మా ఇంటికి పనికొచ్చిన ఒక ఆపా నేర్పింది. ఆమె సంగతి ఆమెకే చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాం. ఆమె పేరు మాత్రం రాయడం లేదు. ఆమెకి రెండు పేర్లుండేవి. రెండూ రాయం.

మా ఇద్దరివీ ఉద్యోగాలు. ఒకరిది పత్రికాఫీసు, ఒకరిది బడి. 2021లో అమ్మీకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మిగిలింది, జ్ఞాపకం మిగిలింది. ఇల్లు ఊడ్చి తుడిచి, గిన్నెలు తోమి, మధ్యాహ్నం దాకా అమ్మీ దగ్గర ఉండే మనిషి కావలసి వచ్చింది.

అప్పుడు మేం హైదరాబాదులో ఒక నాలుగంతస్తుల అపార్టుమెంటులో అద్దెకుండేవాళ్లం. ఆ ఇల్లు దొరకడమే ఒక కథ. ఫోన్లో 'ఎప్పుడు దిగుతారు, పాలు పొంగించుకోండి' అన్న మనిషే మా పేరు వినగానే 'మా అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడండీ' అనేవాడు. అలా ఎంతమంది అబ్బాయిలు అమెరికా నుంచి వచ్చారో లెక్క పెట్టలేం. ఇంటికోసం తిరిగే తురకవాళ్లకి ఇది కొత్త కాదు. చివరికి పేరు వినీ తాళం చెవి ఇచ్చిన ఒక రిటైర్డు లెక్చరరు దొరికాడు. అలాంటి ఇంట్లో మేం పనిమనిషిని వెతుక్కోవడం మొదలుపెట్టాం.

సలహాలకి కొదవ లేదు. చుట్టాల్లో ఒకామె అంది, 'మనోళ్లను పెట్టుకోకండి, మీ ఇంట్లో ఉడికిన కూర మొహల్లా అంతా తెలుస్తుంది' అని. ఇంకొకామె అంది, 'బయటివాళ్లను పెట్టుకుంటే పాకీ నాపాకీ ఏం తెలుస్తుంది, అమ్మీ జానమాజ్ ఎవరు ముట్టుకుంటారు' అని. పనివాళ్లను పంపే ఒక ఏజెన్సీకి ఫోను చేశాం. వయసు ఎంత కావాలి, వంట రావాలా అని అడిగాక, 'హిందువా, క్రిస్టియనా, ముస్లిమా, ఎవరు కావాలి సార్' అని కూరగాయలు అడిగినట్టు అడిగారు.

మా దూరపు చుట్టం ఒకాయన ఇంకో మెట్టు దిగాడు. 'సయ్యదుల ఇల్లు మనది. పాయఖానా కడిగిన చేతుల్ని వంటింట్లోకి రానియ్యొద్దు' అన్నాడు. ఇస్లాంలో కులం లేదని మీలాదున్నబీ సభలో ఉపన్యాసమిచ్చేది కూడా ఆయనే.

ఉర్దూలో పాకీ అంటే శుభ్రత, పవిత్రత. తెలుగులో పాకీ అంటే మలం ఎత్తే పని. ఈ రెండు మాటల మధ్య మా సమాజం కథంతా ఉంది. ఎనభైల్లో వరంగల్‌లో మా నానీ ఇంటికి వెనక సందులోకి ఒక చిన్న తలుపు ఉండేది. పొద్దున్నే మెహతరానీ ఆ తలుపులోంచి వచ్చి, పని ముగించుకుని ఆ తలుపులోంచే పోయేది. ఆమె కలిమా మా కలిమా ఒకటే. రంజాన్ పండగనాడు షీర్ ఖుర్మా మాత్రం ఆమె తెచ్చుకున్న గిన్నెలో, పైనుంచి, గరిటె తగలకుండా పోసేవాళ్లు. మసీదులో భుజం భుజం కలిపి ఒకే సఫ్‌లో నిలబడతాం అని గర్వంగా చెప్పుకుంటాం. నిజమే. దస్తర్ఖాన్ దగ్గరికొచ్చేసరికి ఆ సఫ్ ఎక్కడికి పోతుంది?

మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది, చాలక 2013లో ఇంకోటి వచ్చింది. ఆ పని చేసిన కులాలకి ఎస్సీ హోదా ఇచ్చిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించింది. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. అదే చీపురు పట్టిన ముస్లిమ్ మెహతర్ మాత్రం బీసీగానే మిగిలాడు. 2007లో మన రాష్ట్రంలో 14 ముస్లిమ్ సమూహాలకి బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు మా చుట్టం లాంటివాళ్లు ఆ జాబితాలో తురక చాకలి, ఫకీరు, హజ్జాం పేర్లు చూసి ముఖం చిట్లించారు. మాలో ఇన్ని చేతిపనుల కులాలున్నాయని సర్కారు అచ్చేసి చూపించిందని బాధ.

సరే, వెతుకులాట సంగతి. వాచ్‌మన్ భార్య ఒకామెని తీసుకొచ్చింది. నలభై దాటి ఉంటుంది. నూలు చీర, నుదుటిన ఎర్ర తిలకం బిళ్ల. గేటు పుస్తకంలో ఒక దేవత పేరు రాసి ఉంది. పై అంతస్తులో అప్పటికే ఒక ఇంట్లో చేస్తోంది. లోపలికొచ్చి గోడమీద అయతుల్ కుర్సీ చూసింది. మంచంలో ఉన్న అమ్మీని చూసింది. తల మీద కొంగు కప్పుకుని 'అస్సలామలైకుం అమ్మీ' అంది.

అమ్మీ సలాంకి బదులు చెప్పి, ఆమె నుదుటి వంక చూసింది. ఆమె బిళ్ల తీసి మా తలుపు చెక్కకి అంటించింది. 'ఊపర్ నక్కో బోలో అమ్మీ' అంది. పైవాళ్లకి చెప్పొద్దు.

ఆ రోజు నుంచీ అదే వరస. వచ్చేటప్పుడు బిళ్ల మా తలుపు చెక్కకి. పోయేటప్పుడు చెక్క నుంచి నుదుటికి. జిగురు పోయిన బిళ్లలు అక్కడే ఉండిపోయేవి. ఏడాది తిరిగేసరికి చెక్క మీద ఒక వరస తయారైంది.

పాతబస్తీ మనిషి. పెళ్లైన కొత్తలో ఇంట్లోనే కార్చోబ్ పని చేసేదట, అదే మన వాళ్లు మగ్గం పని అంటారే, అది. సంపాదన కోసం పనిచేసే ముస్లిమ్ ఆడవాళ్లలో ఎక్కువమంది ఇంట్లో కూర్చుని చేసే ఇలాంటి పనుల మీదే బతుకుతున్నారని 2006లో సచార్ కమిటీ రాసింది. చీర మీద జరీ కుట్టిన ఆమెకి చీర ధర ఎప్పుడూ తెలియదు. కళ్లు దెబ్బతిన్నాయి. భర్త ఆటో అమ్ముడుపోయింది. ముప్పై నిండనిదే ఇంటిపనికి గల్ఫ్ పోనివ్వరు కాబట్టి అదీ నిండాక 2013లో కువైట్ పోయింది. అరబ్బు ఇంట్లో ఖద్దామా. రెండేళ్లు చేసి వచ్చింది.

'అక్కడెట్లుండె?' అని అమ్మీ అడిగింది ఒకరోజు.

'అక్కడ పాస్‌పోర్టు తీస్కున్నరు అమ్మీ, పేరు నాకే ఉంచిన్రు. ఇక్కడ పేరు తీస్కున్నరు, ఆధార్ కార్డు నా దగ్గర్నే ఉంది' అంది. అని నవ్వింది. అమ్మీ నవ్వలేదు.

ఆమె తిరిగొచ్చిన 2015లోనే కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం ఒక చట్టం చేశారు. రోజుకి పన్నెండు గంటలు మించకూడదు, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి జీతంతో సెలవు అని రాశారు. ఎంత అమలైందో అక్కడ చేసినవాళ్లని అడగాలి. కానీ రాశారు. మనం? 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో ఇంటిపనివాళ్ల ఒప్పందం, 189వది, తెచ్చింది. మన దేశం ఓటేసింది గానీ దాన్ని ధ్రువీకరించలేదు. 2013లో లైంగిక వేధింపుల చట్టం ఇంటిని కూడా పనిచోటుగా గుర్తించింది. జీతానికి, సెలవుకి, వృద్ధాప్యానికి దేశమంతటికీ కలిపి ఒక ప్రత్యేక చట్టం మాత్రం లేదు. ఆ అవసరాన్ని పరిశీలించడానికి ఒక కమిటీ వెయ్యమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. అంతదాకా మన ఇంటి గడపే ఆమెకి చట్టం. గడప లోపలివాళ్లు మంచివాళ్లయితే మంచి చట్టం.

ఆమె పేరు ఎప్పుడు మార్చుకుంది? మొదట్నుంచీ కాదు. కువైట్ నుంచి వచ్చాక సొంత పేరుతోనే మూడిళ్లల్లో చేసింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఢిల్లీ మర్కజ్ వార్తలొచ్చాయి. పత్రికాఫీసులో కూర్చుని మేం ఆ వార్తలు చూశాం. ఒక జబ్బుకి మతం పేరు ఎలా అంటుకుంటుందో, అక్షరం అక్షరం టీవీ కింద ఎలా పరుగెత్తుతుందో చూశాం. ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి, మర్కజ్‌కి వచ్చిన విదేశీయుల్ని బలిపశువుల్ని చేశారని చెప్పి కేసులు కొట్టేసింది. ఆ తీర్పు చదివి ఆమెని పనిలోకి తిరిగి పిలిచినవాళ్లు ఎవరూ లేరు. గేట్లు తెరిచాక మూడిళ్లూ ఆమెకి మూసుకున్నాయి. పని చూపించే ఇంకో ఆడమనిషి సలహా చెప్పింది: 'పేరు మార్చుకో, ఒక బొట్టు పెట్టుకో. చేతులు అవే కదా.'

పైన ఇంటావిడ మంచి మనిషి. మాతో ఆమె గురించి ఎంత మెచ్చుకునేదో! 'మా పనామె బంగారమండీ. తాళాలు ఇచ్చి తిరుపతి పోయొస్తాం. ఇల్లు అద్దంలా ఉంచుతుంది' అనేది. దసరాకి చీర పెట్టేది. రంజాన్ నెలలో ఆపా రోజా ఉండేది. పైన ఇచ్చిన చాయ్ వద్దంటే ఎందుకని అడుగుతారు. అందుకని గ్లాసు పట్టుకుని 'కింద తాగుతా మేడమ్' అని దిగివచ్చేది. ఆ చాయ్ అమ్మీ తాగేది. జబ్బు మనిషికి రోజా లేదు కదా. ఒక నెలంతా అమ్మీకి పైఇంటి యాలకుల చాయ్ అందింది. వాళ్లకి తెలియకుండానే వాళ్లకి సవాబు వచ్చి ఉంటుంది అనేది అమ్మీ.

ఒకసారి ఆవిడ మమ్మల్ని అడిగింది: 'మా ఆమె మీ అమ్మగారితో ఉర్దూ మాట్లాడుతోందే, భలే వచ్చే!'

'హైదరాబాదులో ఉర్దూ రానిదెవరికండీ' అన్నాం. అబద్ధం కాదు కదా.

మొదటి నెలలోనే తెలిసింది, మేం ఆమెని చూస్తున్నంతగా ఆమె మమ్మల్ని చూస్తోందని. ఒకటో తారీకు జీతం ఇస్తారా? జ్వరమొస్తే కోస్తారా? ఇంట్లో మగవాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు పిలుస్తారా? వస్తువు కనపడకపోతే ముందు ఎవరి వంక చూస్తారు? అన్నిటికంటే ముఖ్యం, నోరు జారుతారా? మా ఒక్క మాట చాలు పైన ఆమె పని పోవడానికి. నమ్మకస్తుల కోసం వెతికింది మేమొక్కళ్లమే కాదు. ఆమె కూడా.

వస్తువు కనపడకపోవడం అన్నది అందరి పనివాళ్లనీ ఒకేలా తాకదు. 2022లో ఆ అపార్టుమెంటులోనే ఒక ఇంట్లో బంగారు కమ్మ పోయింది. ఆ ఇంట్లో ఇద్దరు పనిచేసేవాళ్లు. అయినా గేటు దగ్గర ఆపి సంచీ దులిపింది ఒక్కామెదే. ఆమె బుర్ఖా వేసుకుని, సొంత పేరుతో పనికొచ్చే మనిషి. ఆపా బస్తీదే. సంచీలోంచి టిఫిన్ డబ్బా, బస్సు పాసు, మందుల చీటీ నేలమీద పడ్డాయి. అందరూ చూస్తున్నారు. ఆపా కూడా బిళ్ల పెట్టుకుని ఆ గుంపులో నిలబడి చూసింది. రెండో రోజు కమ్మ వాషింగ్ మెషీన్ రబ్బరు మడతలో దొరికింది. ఆ బుర్ఖా ఆమె మళ్లీ రాలేదు. ఎవరూ కబురు చేయలేదు.

ఆ ఆదివారం సంఘం మీటింగులో మేం లేచి అడిగాం. ఆమెని పిలిచి తప్పయిందని చెప్పాలి, ఆ నెల జీతం పూర్తిగా ఇవ్వాలి, ఇకపై గేటు దగ్గర ఎవరి సంచీ తెరవకూడదు అని. సంచీల సంగతి ఒప్పుకున్నారు. మిగతావి దాటేశారు. మెట్లు దిగుతుంటే వెనక ఒకాయన గొంతు వినపడింది: 'వాళ్లవాళ్లు కాబట్టి మాట్లాడుతున్నారు.' ఇరవయ్యేళ్లుగా తెలుగులో ఎందరి కష్టాల గురించో వార్తలు రాశాం. అవన్నీ సమాజం కోసం. ఒక తురకామె సంచీ గురించి అడిగితే మాత్రం అది మతం కోసం అయిపోయింది.

2024 చలికాలంలో అమ్మీ పోయింది. గుసుల్ ఇవ్వడానికి ఆడవాళ్లు కావాలి. చుట్టాలు దూరం నుంచి వస్తున్నారు. మూడేళ్లు అమ్మీకి స్నానం చేయించిన చేతులు ఇంట్లోనే ఉన్నాయి. బేరీ ఆకులు వేసిన నీళ్లు కాచింది, అమ్మీ తల దువ్వింది, కఫన్ కట్టడంలో చెయ్యేసింది ఆపా. పాయఖానా కడిగిన చేతుల గురించి చెప్పిన మా చుట్టం వరండాలో కుర్చీలో కూర్చున్నాడు. ఆ రోజు ఏమీ అనలేదు.

పలకరించడానికి పై ఇంటావిడ వచ్చింది. ఆడవాళ్ల మధ్య ఆపా తల మీద దుపట్టా కప్పుకుని, యాసీన్ సూరా చదువుతూ కూర్చుంది. నుదుటిన ఏమీ లేదు. ఆవిడ చూసింది. ఆపా కూడా తలెత్తి చూసింది. చదవడం ఆపలేదు.

మర్నాడు ఆపా బిళ్ల లేకుండానే మెట్లెక్కింది. ఆవిడ కోపంగా ఒక్క మాట అనలేదు. నెల జీతం మొత్తం లెక్కపెట్టి ఇచ్చింది. ఒక చీర కూడా పెట్టింది. 'మా అత్తగారు వచ్చి ఉంటామంటున్నారు, ఇక నేనూ ఆమే చూసుకుంటాం' అంది. మాకు ఆ గొంతు తెలుసు. అమెరికా నుంచి అబ్బాయిలు వచ్చినట్టే ఇక్కడ అత్తగారు వచ్చింది.

వారం తర్వాత లిఫ్టు దగ్గర ఆవిడే కదిలించింది. ఆమె కళ్లల్లో నిజంగానే బాధ ఉంది. 'మూడేళ్లు పేరు దాచింది కదండీ. ఇక ఎలా నమ్మడం?'

'పేరు చెప్పి ఉంటే పెట్టుకునేవారా?' అని అడిగాం.

లిఫ్టు వచ్చింది. ఆవిడ ఎక్కలేదు. కాసేపు ఆలోచించి, 'ఏమోనండీ' అంది.

ఆ 'ఏమో'ని మేం గౌరవిస్తాం. పెట్టుకునేదాన్నే అని అబద్ధం చెప్పలేదు ఆవిడ. కానీ చూడండి, పేరు చెబితే పని లేదు. దాస్తే నమ్మకం లేదు. మరి ఆపా ఏ దారిన మెట్లెక్కాలి? మూడేళ్లలో ఆ ఇంట్లో ఒక్క చెంచా కూడా పోలేదు. తాళాలు ఉన్నచోటే ఉన్నాయి. పోయింది ఒక్క దేవత పేరు. దాంతో పాటు మూడేళ్ల నమ్మకం పోయింది.

ఇప్పుడు ఆ అపార్టుమెంటులో ఆపా లేదు, మేమూ లేం. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సున్నం వేసే కుర్రాడు తలుపు చెక్క మీది బిళ్లలు గీకుతూ 'ఇవేంటి సార్, పిల్లలు అంటించారా' అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

మాకు తెలిసినవాళ్లు ఇప్పటికీ ఫోను చేస్తుంటారు. నమ్మకమైన మనిషి ఎవరన్నా ఉంటే చెప్పండి అని. హిందువులు చేస్తారు, ముస్లిములు చేస్తారు, దేవుడు లేడనే కామ్రేడ్లూ చేస్తారు. ఉన్నారు అని చెప్పి, ముందు వాళ్లనే నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాం. వారానికి ఒక రోజు సెలవు ఇస్తారా? జబ్బు చేస్తే జీతం కోయకుండా ఉంటారా? చాయ్ మీరు తాగే కప్పులోనే ఇస్తారా? వస్తువు కనపడకపోతే ముందు మీ ఇంట్లో వెతుక్కుంటారా? ముస్లిమ్ ఇంటి నుంచి ఫోనొస్తే ఐదో ప్రశ్న: ఆమె మెహతర్ అయితే మీ వంటింట్లోకి రానిస్తారా? హిందూ ఇంటి నుంచి వస్తే: ఆమె తన పేరుతోనే రావచ్చా? నవ్వి ఫోను పెట్టేసేవాళ్లే ఎక్కువ. కొందరు 'ఇంట్లో అడిగి చెబుతాం' అంటారు. అలా అన్నవాళ్లలో ఇద్దరు మళ్లీ చేశారు. అందులో ఒకరింట్లో ఆ బుర్ఖా ఆమె చేస్తోంది, గేటు పుస్తకంలో సొంత పేరు రాయించుకుని.

ఆపా కూడా తన పద్ధతి మార్చుకుంది. కొత్త ఇంటికి పోతే ఎంతిస్తారని మొదట అడగదు. తలుపు దగ్గర నిలబడి పేరు చెబుతుంది. 'పహలే నామ్, బాద్‌మే తన్‌ఖా' అంటుంది. పేరు విన్నాక వాళ్ల ముఖం చూసి, ఆ ఇల్లు నమ్మదగిందో కాదో తేల్చుకుంటుంది. నాలుగిళ్లు అలా తిరిగొచ్చింది. ఐదో ఇంటామె పేరు విని, పలకడం సరిగ్గా రాక మళ్లీ ఒకసారి చెప్పమందట. ఆపా మళ్లీ చెప్పింది. ఆ ఇంట్లో చేరింది.